మోడెం మార్చిన తర్వాత పై అంతస్తు రూటరుకు ఇంటర్నెట్ అందడం లేదు

ప్రశ్న: మహేంద్రతనయ, పర్లాకిమిడి

నమస్కారం. మా ఇల్లు పర్లాకిమిడిలో ఉంది. కింద వీధి వైపు గదిలో జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం నడుపుతున్నాను. పై అంతస్తులో కాపురం. ఒడిశా ధ్రువపత్రాల కోసం వచ్చే ఊరివాళ్లకూ, పాతపట్నం వైపు నుంచి ఆంధ్ర దరఖాస్తుల కోసం వచ్చేవారికీ రోజంతా పని చేసిపెట్టాలి కనుక ఫైబరు కనెక్షను తీసుకున్నాను. ఫైబరు తీగ వచ్చి చేరే మోడెం దుకాణంలో ఉంటుంది. దాని నుంచి ఒక ల్యాన్ కేబులు మేడ మీదికి వెళ్లి, నేను సొంతంగా కొన్న వైఫై రూటరులో కలుస్తుంది. ఇంట్లో ఫోన్లు, టీవీ, దుకాణంలోని ప్రింటరు అన్నీ ఆ రూటరు వైఫైకే అలవాటు పడి ఉన్నాయి.

ఈ మధ్య పిడుగులు పడిన రాత్రి మోడెం కాలిపోయింది. ఆపరేటరు తరఫు మనిషి వచ్చి వేరే మోడెం బిగించి, దీపాలు వెలిగాయని చూపించి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి మేడ మీది రూటరు వైఫైకి ఫోను కలుస్తోంది కానీ, కలిసిన వెంటనే ‘ఇంటర్నెట్ లేదు’ అని చూపిస్తోంది. రూటరు మీది ఇంటర్నెట్ దీపం నారింజ రంగులోనే ఉంటోంది. రెండు పెట్టెలనూ ఆపి మళ్లీ వెలిగించాను, ఫలితం లేదు. కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే ఒడియాలోనో హిందీలోనో ‘మీ రూటరు పాడైంది, వెనక ఉన్న బొత్తాం నొక్కి రీసెట్ చేయండి’ అని ఒకటే మాట చెబుతున్నారు. రూటరు పాతది కాదు, మొన్నటిదాకా బాగానే పనిచేసింది. ప్రస్తుతానికి ఆంధ్ర సిమ్ముకు నది అవతలి టవరు దొరుకుతోంది కనుక ఫోను హాట్‌స్పాట్ మీద దుకాణం నెట్టుకొస్తున్నాను. రీసెట్ చేయమంటారా, లేక కొత్త రూటరు కొనమంటారా?

జవాబు: వంశధార, గుణుపురం

రెండూ వద్దు. ముఖ్యంగా రీసెట్ బొత్తాం జోలికి ఇప్పుడే వెళ్లకండి. పది సెకన్లు దాన్ని నొక్కి పట్టుకుంటే రూటరులో దాచి ఉంచిన పీపీపీఓఈ (ఆపరేటరు సర్వరులోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ నేము, పాస్‌వర్డు, వైఫై పేరు అన్నీ చెరిగిపోతాయి. అదే పని మోడెం మీద చేస్తే ఇంకా ప్రమాదం. కొన్ని మోడెములలో ఆపరేటరు యంత్రానికి తనను తాను పరిచయం చేసుకునే సంకేతం కూడా పోయి, ఇప్పుడు పచ్చగా ఉన్న దీపాలు సైతం ఆరిపోవచ్చు. ఆపి వెలిగించడం వేరు, రీసెట్ వేరు. ఫోనులో సలహా చెప్పేవారు ఈ తేడా చెప్పరు, ఎందుకంటే రీసెట్ తర్వాత వచ్చే ఫిర్యాదు మరొకరి బల్ల మీదికి వెళుతుంది.

ఇంటర్నెట్ మీ ఫోనుకు చేరాలంటే మూడు అంచెలు దాటాలి. వీధిలోని ఫైబరు నుంచి మోడెం దాకా ఒకటి, మోడెం నుంచి రూటరు దాకా రెండోది, రూటరు నుంచి ఫోను దాకా మూడోది. ఫోను వైఫైకి కలుస్తోందంటే మూడో అంచె బాగున్నట్టే. మిగిలిన రెండింటిలో ఎక్కడ తెగిందో తెలియాలంటే కింది విషయాలు చూసి రాయండి.

మొదట మోడెం దీపాలు. ఎల్ఓఎస్ దీపం ఎర్రగా వెలుగుతోందంటే ఫైబరు నుంచి కాంతి రావడం లేదని అర్థం, అప్పుడు ఇంట్లో మనం చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. పాన్ దీపం మిణుకుమంటూ ఉంటే ఆపరేటరు యంత్రంతో నమోదు ఇంకా పూర్తి కాలేదన్నమాట. పాన్ నిలకడగా పచ్చగా ఉండి, ఎల్ఓఎస్ ఆరిపోయి ఉంటే మొదటి అంచె దాదాపు సరిగ్గా ఉన్నట్టు. దాని పక్కనే ఇంటర్నెట్ అని మరొక దీపం ఉంటే దాని స్థితి కూడా రాయండి. మీ విషయంలో అసలు కీలకం అదేనని నా అనుమానం.

తర్వాత మేడ మీదికి వెళ్లే కేబులును మోడెం దగ్గర తీసి, ఒక ల్యాప్‌టాప్‌ను నేరుగా మోడెంకు తగిలించండి. కమాండ్ ప్రాంప్టులో ఐపీకాన్ఫిగ్ అని టైపు చేస్తే ఒక ఐపీ అడ్రసు, అంటే నెట్‌వర్కులో ఆ యంత్రానికి ఇచ్చిన అంకెల చిరునామా, కనిపిస్తుంది. అది 169.254తో మొదలైతే మోడెం ఏ అడ్రసూ ఇవ్వలేదని, ల్యాప్‌టాప్ తనకు తానే ఒకటి కల్పించుకుందని గ్రహించాలి. 192.168తో మొదలైతే మోడెమే అడ్రసులు పంచుతోందని అర్థం. ఆ సమయంలో ఏదైనా వెబ్‌సైటు తెరిచి చూడండి. చివరగా రూటరు సెట్టింగుల పేజీలో స్టేటస్ కింద వ్యాన్ (బయటి ఇంటర్నెట్ వైపు) ఐపీ అడ్రసు ఏముందో, కనెక్షను విఫలమైనట్టు ఏ మాటలు రాసి ఉన్నాయో ఉన్నదున్నట్టు రాయండి.

పరీక్షించేటప్పుడు ఫోనులో మొబైల్ డేటా ఆపేయండి. వైఫైలో ఇంటర్నెట్ లేదని తెలిస్తే చాలా ఫోన్లు చెప్పకుండానే సిమ్ము డేటాకు మారిపోతాయి. పేజీ తెరుచుకుంది కదా, బాగుపడిందని మనం అనుకుంటాం.

జవాబు: కేబులు మేస్త్రి, రాయగడ

పిడుగు పడిన తర్వాత వచ్చిన సమస్య కనుక నేను మొదట తీగలను, అడాప్టరును అనుమానిస్తాను. ఫైబరు గాజు కాబట్టి దానిలో విద్యుత్తు ప్రవహించదు గానీ, స్తంభం నుంచి ఇంటికి లాగే తీగలో బరువు మోయడానికి పెట్టే ఉక్కు తీగ ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, కరెంటు లైను మీదుగా వచ్చే దెబ్బ మోడెం అడాప్టరు గుండా లోపలికి వెళ్లి, ల్యాన్ కేబులు పట్టుకుని రెండో పెట్టె పోర్టును కూడా కాల్చవచ్చు. పెట్టె వెలుగుతూనే ఉంటుంది, ఆ ఒక్క పోర్టు మాత్రం చచ్చి ఉంటుంది. రూటరు వెనక నీలం రంగు వ్యాన్ పోర్టు దగ్గర చిన్న దీపం మిణుకుతోందో లేదో చూడండి. అది పూర్తిగా ఆరిపోయి ఉంటే కేబులు మార్చి చూడాలి, అప్పటికీ వెలగకపోతే పోర్టు పోయినట్టే.

అడాప్టరు సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో 12 వోల్టులదీ, 9 వోల్టులదీ పిన్ను ఒకేలా ఉండి తారుమారు కావచ్చు. పెట్టె అడుగున రాసిన వోల్టేజీ, అడాప్టరు మీద రాసిన వోల్టేజీ ఒకటే అయి ఉండాలి. ఆంపియర్లు మాత్రం అడాప్టరుకు ఎక్కువ ఉన్నా నష్టం లేదు. బలహీనపడిన అడాప్టరుతో దీపాలు వెలుగుతాయి, కానీ వైఫై మీద భారం పడగానే పెట్టె తనకు తానే మళ్లీ మొదలవుతుంది.

మోడెం సెట్టింగుల పేజీలో ఆప్టికల్ పవర్ అనే అంకె దొరికితే అది కూడా చెప్పండి. మన ఊళ్లలో ఇచ్చే జీపాన్ రకం ఫైబరు కనెక్షన్లకు మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం (కాంతి బలానికి కొలత) మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాటి కిందికి పోతే మోడెం తట్టుకోగల హద్దు దగ్గరకు వచ్చినట్టే, వానాకాలంలో తెగుతూ కలుస్తూ విసిగిస్తుంది. పచ్చ కొన కనెక్టరును నీలం కొన సాకెట్టులో గుచ్చినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే పచ్చదాని గాజు కొనను 8 డిగ్రీల వాలుగా అరగదీస్తారు, నీలందానికి ఆ వాలు ఉండదు. కనెక్టరు ఊడదీసి కొనలోకి కన్ను పెట్టి చూడవద్దు. అందులో వచ్చే లేజరు కాంతి కంటికి కనిపించదు, హాని మాత్రం చేయగలదు.

ప్రశ్నించినవారు: మహేంద్రతనయ, పర్లాకిమిడి

ఇద్దరికీ ధన్యవాదాలు. చూసినవి రాస్తున్నాను. మోడెం మీద ఎల్ఓఎస్ ఆరిపోయి ఉంది, పాన్ నిలకడగా పచ్చగా ఉంది, ఇంటర్నెట్ దీపం కూడా పచ్చగానే ఉంది. ల్యాప్‌టాప్‌ను నేరుగా మోడెంకు తగిలిస్తే 192.168.1.4 అని అడ్రసు వచ్చింది, గేట్‌వే (మోడెం సొంత అడ్రసు) 192.168.1.1. వెబ్‌సైట్లు అన్నీ తెరుచుకుంటున్నాయి, వేగం కూడా బాగుంది. ఆప్టికల్ పవర్ మైనస్ 21 దగ్గర ఉంది. రూటరు నీలం పోర్టు దీపం మిణుకుతోంది. రూటరు స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ 0.0.0.0 అనీ, కనెక్షను రకం పీపీపీఓఈ అనీ, దాని కింద సర్వరు నుంచి జవాబు లేదన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలూ ఉన్నాయి. పాస్‌వర్డు తప్పు అని మాత్రం ఎక్కడా లేదు. నిజానికి కస్టమర్ కేర్ వారు ఈసారి పాస్‌వర్డు తప్పై ఉంటుందని, కొత్తది ఇప్పిస్తామని అంటున్నారు.

జవాబు: వంశధార, గుణుపురం

ఇక అనుమానం లేదు. మీ రూటరు పాడవలేదు, పాస్‌వర్డూ తప్పు కాదు. రాయగడ మేస్త్రి గారి అనుమానం సబబైనదే గానీ, నీలం పోర్టు దీపం మిణుకుతోంది, కాంతి బలంగా ఉంది, కనుక తీగల తప్పు లేదు.

జరిగింది ఇది. మీ పాత మోడెం బ్రిడ్జి పద్ధతిలో ఉండేది. అంటే అది కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చి ముందుకు పంపేదే తప్ప, లాగిన్ బాధ్యత తీసుకునేది కాదు. పీపీపీఓఈ యూజర్ నేము, పాస్‌వర్డు పెట్టి ఆపరేటరు సర్వరులోకి ప్రవేశించే పని మేడ మీది రూటరు చేసేది. కొత్త మోడెంను వారు రూటరు పద్ధతిలో పెట్టి ఇచ్చారు. ఇప్పుడు లాగిన్ అయ్యేది మోడెమే; అందుకే దాని ఇంటర్నెట్ దీపం పచ్చగా ఉంది, ల్యాప్‌టాప్‌కు 192.168 అడ్రసు ఇచ్చింది. మేడ మీది రూటరు మాత్రం తన పాత అలవాటు ప్రకారం పీపీపీఓఈ పిలుపు పంపుతూనే ఉంది. ఆ పిలుపు మోడెం దగ్గరే ఆగిపోతోంది, ఆపరేటరు సర్వరు దాకా చేరడం లేదు. అందుకే ‘జవాబు లేదు’ అన్న మాట. పిలుపు చేరి, తిరస్కరిస్తే అప్పుడు ధ్రువీకరణ విఫలమైందని రాస్తుంది. విండోస్ నుంచి నేరుగా డయల్ చేసేవారికి అదే 691 అనే అంకెతో కనిపిస్తుంది. కొత్త పాస్‌వర్డు ఇప్పించుకుంటే మీ కష్టం పెరుగుతుందే గానీ తగ్గదు, ఎందుకంటే ఇప్పుడు మోడెంలో పనిచేస్తున్న పాత పాస్‌వర్డు కూడా చెల్లకుండా పోవచ్చు. పైగా చాలా ఆపరేటర్లు ఒక యూజర్ నేముకు ఒకే లాగిన్ ఒప్పుకుంటారు. ఒకే టికెట్టు మీద ఇద్దరిని రైలు ఎక్కించనట్టే.

బాగుచేయడానికి మూడు దారులు ఉన్నాయి. మోడెంను మళ్లీ బ్రిడ్జి పద్ధతికి మార్చమని ఆపరేటరును అడగవచ్చు. అప్పుడు మీ రూటరులో ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. అయితే ఫోను ఎత్తేవారికి ఆ మాట అర్థమయ్యేసరికి మీ దుకాణం గిరాకీ పోతుంది. రెండో దారి, రూటరులో కనెక్షను రకాన్ని పీపీపీఓఈ నుంచి డైనమిక్ ఐపీకి, అంటే మోడెం ఇచ్చే అడ్రసును తీసుకునే పద్ధతికి, మార్చడం. ఇంటర్నెట్ వస్తుంది, కానీ మీ రూటరు ల్యాన్ (ఇంటి లోపలి వైపు) అడ్రసు కూడా 192.168.1.1 అయి ఉంటే రెండు వైపులా ఒకే అడ్రసు వచ్చి తికమక పడుతుంది, అందువల్ల దాన్ని ముందుగా 192.168.10.1 వంటిదానికి మార్చాలి. అంతేకాక ఇంట్లో రెండు వేర్వేరు నెట్‌వర్కులు ఏర్పడతాయి. దుకాణంలో మోడెంకు తగిలించిన కంప్యూటరుకు, మేడ మీది వైఫైలో ఉన్న ప్రింటరు కనిపించదు.

మీకు మూడో దారే తగినదని నా అభిప్రాయం. రూటరును యాక్సెస్ పాయింటుగా మార్చండి. అప్పుడు అడ్రసులు పంచే పని మోడెం ఒక్కటే చేస్తుంది, మేడ మీది పెట్టె వైఫైని మాత్రం అందిస్తుంది, కింద ఉన్నవీ పైన ఉన్నవీ ఒకే నెట్‌వర్కులో ఉంటాయి. వైఫై పేరు, పాస్‌వర్డు పాతవే ఉంచితే ఫోన్లలోనూ ప్రింటరులోనూ ఏమీ మార్చనక్కరలేదు.

సెట్టింగులలో ఆపరేషన్ మోడ్ కింద యాక్సెస్ పాయింటు అనే ఎంపిక ఉంటే దాన్ని ఎంచుకుని సేవ్ చేస్తే సరి. లేకపోతే చేత్తో చేయాలి, అందులో వరుస ముఖ్యం. ల్యాప్‌టాప్‌ను కేబులుతో రూటరు పసుపు (ల్యాన్) పోర్టుకు కలిపి, మోడెం నుంచి వచ్చే కేబులును తీసి పక్కన పెట్టండి. ల్యాన్ అడ్రసును 192.168.1.1 నుంచి 192.168.1.250కు మార్చి సేవ్ చేయండి. కొత్త అడ్రసుతో మళ్లీ లోపలికి వెళ్లి, అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వరును ఆపేయండి. ఆ తర్వాతే మోడెం కేబులును నీలం పోర్టులో కాకుండా పసుపు పోర్టులో గుచ్చండి. డీహెచ్‌సీపీ ఆపకుండా పసుపు పోర్టులో గుచ్చితే రెండు పెట్టెలూ పోటీపడి అడ్రసులు పంచుతాయి, కొన్ని ఫోన్లకు ఇంటర్నెట్ వస్తుంది, కొన్నింటికి రాదు, కారణం తెలియక తల పట్టుకుంటాం. ఇంకొక్క జాగ్రత్త: మోడెం ఇచ్చే అడ్రసుల శ్రేణి 254 దాకా ఉంటే దాన్ని 200 దగ్గర ఆపండి, లేకపోతే ఎప్పుడో ఒకరోజు 250ని ఏ ఫోనుకో ఇచ్చేస్తుంది.

జవాబు: ప్రాణహిత ఒడ్డు, సిరొంచ

గుణుపురం వారు చెప్పినదానికి మారుమాట లేదు. ఇదే ‘ఇంటర్నెట్ లేదు’ అనే మాటకు మరో కారణం కూడా ఉంటుంది, తర్వాత ఈ ప్రశ్న వెతుక్కుంటూ వచ్చేవారికి పనికొస్తుందని చేరుస్తున్నాను. మా వైపు, కాళేశ్వరానికి ఎదురుగా ఉన్న ఈ ఒడ్డున, దీపాలన్నీ పచ్చగా ఉండి, వ్యాన్ ఐపీ కూడా వచ్చి, వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోని రోజులు ఉంటాయి. అలాంటప్పుడు కమాండ్ ప్రాంప్టులో పింగ్ 8.8.8.8 అని కొట్టి చూడండి. జవాబులు వస్తూ, గూగుల్.కామ్ అని పేరు పెట్టి కొడితే మాత్రం రాకపోతే, దారి బాగానే ఉంది, పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్ఎస్ పని చేయడం లేదని తేలుతుంది. అడ్రసులు పంచే పెట్టెలో డీఎన్ఎస్ కింద 8.8.8.8, 1.1.1.1 పెట్టుకుంటే సరిపోతుంది. దీని కోసం మనిషిని పిలిపించి డబ్బు ఇచ్చినవాళ్లను చూశాను.

ఫిర్యాదు విషయానికి వస్తే, మాకు ఫోనులో మరాఠీ, హిందీ పలుకుతాయి, మీకు ఒడియా పలుకుతుంది. సరిహద్దులో ఉన్నవాడి తెలుగు ఏ రాష్ట్రపు లెక్కలోకీ రాదు. అందుకే నేను వర్ణించడం మానేసి దీపం పేరు, రంగు, కనిపించిన అడ్రసు మాత్రమే చెబుతాను. అవి ఏ భాషలోనైనా ఒకటే. డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు నంబరు) తప్పక అడిగి రాసుకోండి. 2012 నాటి ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) ఫిర్యాదుల నిబంధనల ప్రకారం ఫిర్యాదు తీరకపోతే ఆ సంస్థలోనే ఉండే అప్పిలేట్ అధికారికి వెళ్లవచ్చు, అక్కడ మొదట అడిగేది ఆ నంబరే.

ప్రశ్నించినవారు: మహేంద్రతనయ, పర్లాకిమిడి

మా రూటరులో యాక్సెస్ పాయింటు ఎంపిక లేదు, చెప్పిన వరుసలోనే చేత్తో చేశాను. మేడ మీద ఫోన్లు, టీవీ, కింద ప్రింటరు అన్నీ కలిశాయి, దుకాణం కంప్యూటరు నుంచి ప్రింటు వస్తోంది. మోడెం అడ్రసుల శ్రేణి నిజంగానే 254 దాకా ఉంది, తగ్గించాను.

ఒక్కటి మిగిలింది. గుమ్మం దగ్గర రెండు కెమెరాలు, వాటి దృశ్యాలను రికార్డు చేసే ఒక డీవీఆర్ పెట్టె ఉన్నాయి. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి ఐపీ అడ్రసు, పోర్టు నంబరు కొట్టి వాటిని చూసేవాడు. ఇప్పుడు అది తెరుచుకోవడం లేదు. దీనికైనా బ్రిడ్జి పద్ధతికి మారాలా?

జవాబు: వంశధార, గుణుపురం

అవసరం లేకపోవచ్చు. బయటి నుంచి వచ్చే పిలుపును డీవీఆర్‌కు మళ్లించే ఆ పోర్టు ఫార్వార్డింగ్ ఇదివరకు మీ రూటరులో ఉండేది, ఇప్పుడు మోడెంలో పెట్టాలి. పెట్టే ముందు మోడెం స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు ఉంటే, లేదా 10తో మొదలైతే, ఆపరేటరు చాలామంది ఇళ్లను ఒకే బయటి అడ్రసు వెనక పెట్టాడని అర్థం. అప్పుడు మోడెంలో ఎన్ని పోర్టులు తెరిచినా, బ్రిడ్జికి మారినా బయటి నుంచి లోపలికి దారి ఉండదు. అలా అయితే డీవీఆర్ తయారీదారు ఇచ్చే యాప్‌లో పీటూపీ ఎంపికను తెరిచి, పెట్టె మీది క్యూఆర్ కోడ్‌ను మీ అబ్బాయి ఫోనుతో స్కాన్ చేయించండి. అది లోపలి నుంచి బయటికి కలుస్తుంది కనుక పోర్టుల పని లేదు. వేరే అంకెలు కనిపిస్తే, ఇంటర్నెట్‌లో ‘నా ఐపీ’ అని వెతికితే వచ్చేదీ అదీ ఒకటేనా అని చూసుకుని, ఒకటే అయితే మోడెంలో పోర్టు తెరవండి. ఏది చేసినా ముందు డీవీఆర్‌కూ మోడెంకూ వచ్చినప్పటి అడ్మిన్ పాస్‌వర్డులు మార్చేయండి.